చిల్లు

మార్కాపురం గోడౌనులో గోడకానుకుని
డజను కట్టలుగా నిద్రపోతున్నాయి పలకలు.
"బళ్ళ ఆర్డర్లు ఆగిపోయె గదమ్మా,
ఇంకెవురు కొంటారు?" అంటాడు గుమాస్తా కాశింపీరా.
అయినా నెలకి నాలుగొందల పలకలు కదులుతున్నాయి.
ఎవరో కొంటున్నారు.

ఎన్ని డజన్లని అడగడం మా నాన్నకి తెలుసు.
వాటి మీద ఏం రాస్తారని
మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

నేను మాత్రం? గులాబీరంగు చట్రాలు చేయించాను,
అంచున సీతాకోకచిలుకలు, అయిదు వందలు.
అవన్నీ లోపలే ఉన్నాయి, ఎగరకుండా.

నోటుపుస్తకం పట్టుకుని కంభం బస్సెక్కాను.
అడిగితే జనం మర్యాదకి అబద్ధం చెప్తారు.
"మీ పలకకేమమ్మా, బ్రహ్మాండం" అన్నాడు మెస్సు ఓబులేసు.
అడగడం మానేసి రెండో టీ చెప్పి కూచున్నాను.
పదకొండున్నరకి పలక దించి రాశాడు:
దోసకాయ పప్పు, గోంగూర, చెరువు చేప పులుసు.
ఒంటిగంటకల్లా మోచేత్తో చేపను తుడిచేశాడు.

గిద్దలూరులో టైలరు నూర్జహాన్ పలక మీద
ఎవరి జాకెట్టు ఏ రోజుకో.
తర్లుపాడులో మాట పడిపోయిన రంగశాయి గారు
ఎడంచేత్తో వణుకుతూ రాశారు: ఉప్పు లేదు.
ఆవిడ నవ్వింది. "నలభై ఏళ్ళు నోటితో తిట్టాడు,
ఇప్పుడైతే చెరిపేస్తా."

మూడు పలకలకీ పై చట్రంలో చిల్లు.
మేకుతో ఒకటి, కాల్చిన చువ్వతో ఒకటి,
వంకరగా, చుట్టూ నల్లగా మాడి.
వేలాడదీయడానికి.
"చిల్లు పెడతా ఒకటి పగలగొట్టా,
అందుకే రెండోది కొన్నా" అన్నాడు ఓబులేసు.

ఆ పగిలిన పలక
మా లెక్కల్లో అమ్మకం.

కాశింపీరా డ్రిల్లు బిగించాడు.
చట్రానికో చిల్లు, చిల్లుకో మూరెడు నులక.
"పిల్లకాయల పలకకి చిల్లేందే?" అని
నాన్న వేలు దూర్చి చూశాడు.
ఈ నెల పదకొండొందలు పోయాయి.
మూతబడిన గని దీంతో తెరుచుకోదు,
గులాబీ చట్రాలూ కదల్లేదు,
జీతాలు మాత్రం అయిదో తేదీకే ఇచ్చాం.

రాత్రి తర్లుపాడు నుంచి ఫోను.
మంచం పక్కన మేక్కి తగిలించారట,
తాడు పొట్టిదై ఆయన చేతికి అందడం లేదట.
ఎంత పొట్టి, అన్నాను.
"నాకేం తెలుసు, నువ్వే వచ్చి చూడు."

పొద్దున ఆరుంబావుకి బస్సు.