నాలుగో నంబరు

మా నాయన మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చినాడు.
సెలవేమో అనుకొని తమ్ముడు పెంచలు
ఉత్త కాళ్ళతో తలుపు దాకా ఉరికినాడు.
నాయన చేతిలో హెల్మెట్టు, ఇనప మూతి బూట్లు,
సైటులోనే ఉండే టీ ఫ్లాస్కు.
అమ్మ ఏమీ అడగలేదు.
కడిగిన బియ్యంలో ఇంకో గ్లాసు పోసింది.

ఆ వారమే సోఫా పోయింది.
కొన్న ఈజిప్టు ఆయన దాన్ని లిఫ్టులో నిలబెడుతుంటే
సందులోంచి నా ఆకుపచ్చ పెన్సిలు రాలింది.
రెండో క్లాసులో పోయిందని
అన్నం మానేసి ఏడ్చింది దానికోసమే.
ఎంత పొట్టిదో!

ఫహాహీల్ నించి జలీబ్‌కి
మస్తాను మామ హాఫ్ లారీలో
ఒక్క ట్రిప్పుకే సరిపోయింది మా కాపురం.
పైన కట్టిన పరుపు యాడ ఎగిరిపోతుందోనని
దారంతా దాన్నే చూస్తా కూర్చున్నా.
సముద్రం ఎప్పుడు అయిపోయిందో చూడలేదు.

కొత్తది ఇల్లు కాదు, గది.
ప్లైవుడ్డు గోడ అవతల నర్సు లిస్సీ ఆంటీ.
ఆమెకు పగలే రాత్రి.
అందుకని నేనూ పెంచలూ
జుట్టూ జుట్టూ పట్టుకొని కూడా
చప్పుడు కాకుండా కొట్టుకోవడం నేర్చుకున్నాం.
ఓడినవాళ్ళు దిండులో మొహం పెట్టి ఏడవాలి.

కొత్త బడి కాగితంలో
తండ్రి ఉద్యోగం అన్నచోట
ఏం రాయాల మా, అంటే
అడ్డగీత పెట్టు, అనింది అమ్మ.
స్కేలు పెట్టి గీసినా.

అన్నిటికంటే మొండిది నా వేలు.
బస్సు దిగి లిఫ్టెక్కితే
అదే పోయి నాలుగు నొక్కుతుంది.
ఈ బిల్డింగుకి ఉండేది మూడే.
మూడు పైన ఉత్త రేకు,
చల్లగా, ఏమీ వెలగకుండా.
ఎవరన్నా చూస్తున్నారేమోనని
గోక్కుంటున్నట్టు నటించేదాన్ని.

దుమ్ముగాలి లేచిన ఒక సాయంత్రం
ఖుబ్జ్ పొట్లంతో నాయనా మేమూ కలిసి ఎక్కినాం.
వెంట్రుకల నిండా మన్ను,
ఎవరూ మాట్లాడటం లేదు.
నాయన చెయ్యి పైకి లేచింది
మూడు దాటి
ఆ ఉత్త రేకు మీద ఆగింది.

లిఫ్టు కదల్లేదు.
నేను ఆయన వేలు చూసినా.
ఆయన నన్ను చూసినాడు.
"నీకూనా మే?"
నవ్వితే పండ్ల మీద గూడా దుమ్ము.

పెంచలు జేబులోంచి ఆకుపచ్చ పెన్సిలు తీసి
ఆ రేకు మీద నాలుగు వెయ్యబోయినాడు.
పడలేదు.
ఎంగిలి చేసి మళ్ళీ దిద్దినాడు.
పడలేదు.

మూడు ఎవరు నొక్కినారో గుర్తులేదు.
తలుపు తెరుచుకోగానే
ముగ్గురం చెప్పులు విప్పి చేత పట్టుకున్నాం,
లిస్సీ ఆంటీ లేచే టైము ఇంకా కాలేదని.