ఊదకముందు

ఫెర్నాన్ వచ్చినరోజు
లీయేజ్ ఊరి మీద, మ్యూజ్ నది మీద
మంచు దిగబడి ఉంది.
మూడంతస్తులూ ట్రాంబోన్ పెట్టె మోసుకొచ్చి
గుమ్మంలో ఆగి, టై సరిచేసుకుని,
"ఏ పాటతో మొదలెట్టమంటారు?" అన్నాడు.

పాట అక్కర్లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కిటికీలకు దుప్పట్లు కట్టాను.
ఒక మైకు ట్రాంబోన్ నోటికి ఎదురుగా,
ఇంకొకటి ఆయన మోచేతికి జానెడు దూరంలో.
ఉక్కు కర్మాగారం బ్యాండులో ముప్పై ఒక్క ఏళ్లు ఊదిన మనిషి.
ఊరేగింపులకు ఊదినవి, పెళ్ళిళ్ళకు ఊదినవి,
చివరికి కొలిమి ఆర్పేసిన రోజున ఊదింది కూడా
అన్నీ వరసగా వాయించాడు,
ఒక్క తప్పు లేకుండా, మూడు గంటలు.
మధ్యమధ్య గొట్టంలో చేరిన నీళ్ళు
నేల మీదికి వంచి, "క్షమించండి" అన్నాడు.
చెక్కు ఇస్తే రెండు మడతలు పెట్టి
కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాడు.

ఆయన వెళ్ళాక నేను చేసిన పని
బయటికి చెప్పుకునేది కాదు.
చేటతో చెరిగి, గింజలు పారబోసి
పొట్టు దాచుకునే మనిషిని చూశారా?
పాటలన్నీ పక్కన పెట్టేశాను.
నీళ్ళు జారిన చప్పుడు ఉంచుకున్నాను.
జారుగొట్టం వెనక్కొచ్చి ఇత్తడికి ఇత్తడి తగిలిన 'టిక్',
కుర్చీ మూలుగు,
"క్షమించండి"లో మొదటి అక్షరం.

స్వరం తల కోసేస్తే
అది ఏ వాద్యమో చెవి చెప్పలేదు.
చదువుకున్న సంగతే,
అయినా కోసిన ప్రతిసారీ
నా వేలు మీట మీద ఒక క్షణం ఆగుతుంది.
తల లేని స్వరాన్ని తిరగేస్తే, తలుపు.
ఎనిమిది రెట్లు సాగదీస్తే, ఖాళీ గోదాం.
నలభయ్యింటిని దొంతరగా పేరిస్తే
వాన, కాని తడపదు.

ఇక ఆ ఊపిరి.
ప్రతి పాటకూ ముందు ఆయన లోపలికి తీసుకున్న గాలి,
సెకనులో సగం కూడా ఉండదు.
దాని అడుగున సన్నని ఈల ఒకటి.
మైకు తప్పేమో అనుకున్నా, వైర్లు మార్చి చూశా.
కాదు, కొలిమి ధూళి.
ఫిల్టర్ వేస్తే నిమిషంలో పోయేది.
వెయ్యలేదు. ఎందుకంటే ఏం చెప్పను,
మూడు గంటల్లోనూ ఎవరూ నేర్పని స్వరం అదొక్కటే.
దాన్ని నాలుగు నిమిషాలు సాగదీశాను.

మార్చిలో కచేరీ.
ఖాళీ వేదిక, చుట్టూ పదహారు స్పీకర్లు,
నా మిక్సర్ దగ్గర తప్ప దీపం లేదు.
ముందు వరసలో ఫెర్నాన్, కొత్త కోటు,
పక్కన ఆయన భార్య ఓడిల్,
వెనక, బ్యాండులో మిగిలిన నలుగురు.
తన పాట ఎప్పుడొస్తుందా అని
ఆయన మెడ చాచి చూడటం
నీడలా తెలుస్తూనే ఉంది నాకు.
టిక్. వాన. తలుపు.
ఎవరో దగ్గారు.
పన్నెండో నిమిషంలో ఊపిరి మొదలైంది,
ముందు నేల దగ్గరి స్పీకర్లలో, తర్వాత వీపుల వెనక,
ఈల సన్నగా పైకి పాకుతూ.

అప్పుడు ఓడిల్ ఆయన మోచెయ్యి పట్టుకుంది.
గుసగుసే, కాని నా దాకా వినపడింది:
"ఇది నువ్వే.
రాత్రి రెండింటికి, ఎడమపక్కకు తిరిగినప్పుడు."

తర్వాత, కోట్లు తగిలించే గదిలో, నాతో చెయ్యి కలిపాడు.
"అంత బాగా వాయించానే" అన్నాడు, ఫిర్యాదులా.
టోపీ పెట్టుకుంటూ,
"ఆ నీళ్ళ చప్పుడు, అదీ నాదేనా?"
అవునన్నాను.
తల ఊపి, మెట్ల వైపు తిరిగి,
దిగేముందు ఒకసారి
గట్టిగా గాలి పీల్చుకున్నాడు.

నా దగ్గర మైకు లేదు.