పదహారు పేజీలు లేవు

నా కొలువు పేర్లు పిలిచుడు.
దేవరకొండ కోర్టు వరండాల నిలబడి
ఒక్కో పేరు మూడుసార్లు.
మూడోసారికీ పలకకుంటే
కాయిదం మీద ఆ మనిషి లేనట్టే.

పగటి బువ్వ యాళ్లకు
రికార్డు రూము మెట్ల మీద సద్ది విప్పుత.
ఒక చేతిల జొన్నరొట్టె, ఒక చేతిల నవల.
జహంగీర్ దుకాణంల కిరాయిది, దినానికి రూపాయి.
అట్ట మీద త్రాసు, తుపాకి,
ఎర్రగోళ్ల ఆడమనిషి చెయ్యి.

ఆ రచయితవి నలభై ఒక్క పుస్తకాలు చదివిన.
ఆయన కోర్టుల ఫ్యాన్లు తిరుగుతయి.
జడ్జికి నిద్ర రాదు.
స్టాంపుల కాడ లైను లేదు,
కరెంటు పోయిందని వాంగ్మూలం సగంల ఆగదు.
ఈ శుక్రవారం ఖూనీ అయితే
పై శుక్రవారానికి తీర్పు.
అడ్వకేట్ త్రిలోక్ నల్లకోటుకు చెమట మరక ఉండదు.
నూట తొంభయ్యో పేజీల తలుపు తెరుచుకుంటది,
చచ్చిండనుకున్న సాక్షి నడిచొస్తడు.

నేను పిలిస్తే
బతికున్నోళ్లే రారు.

కంబాలపల్లి ఈదమ్మ మాత్రం వస్తది.
పద్నాలుగేండ్ల సంది ఒక్క వాయిదా తప్పలే.
బత్తాయి తోట గెట్టు కాడి దావా.
దావా ఏసిన ఏడు నాటిన చెట్లు
కాసినయి, ఎండినయి, పొయ్యిలకు పోయినయి.
గెట్టు మాత్రం ఇంకా పచ్చిగనే ఉన్నది.

"ఏం సదువుతవు బిడ్డా, గంతగనం?"
కోర్టు కతే అన్న.
"ఇంట్ల కూర సాలక హోటల్ల గూడ గదే కూర తింటరా?"
నవ్వుకుంట మెట్టు మీద కూలబడ్డది.
"సరే, చెప్పు."

వాయిదాకింత చెప్పుకుంట వచ్చిన.
నేను ఖూనీ కాడ గొంతు తగ్గిస్తే
ఆమె వేరేదేదో పట్టుకునేది.
"త్రిలోకు వకీలుకు ఫీజెవరిచ్చిన్రు?"
ఎతికిన. పుస్తకంల లేదు.
"సచ్చిన పిల్ల తల్లికి బస్సు కిరాయో?"
అదీ లేదు.
"ఆ సాక్షి గంత దూరం నుంచొస్తే ఛాయన్న తాపిన్రా?"
పేజీలు మళ్ల తిరగేసిన.
ఆయన మనుషులకు ఆకలైనట్టు నాకెక్కడా దొరకలే.

అట్లని ఆయనను తక్కువ చేస్తలేను.
ఆడపిల్ల పుట్టి మూడో దినం పోయిన రాత్రి
దవాఖాన బల్ల మీద నన్ను తెల్లారేదాక
పట్టుకోని కూసున్నది ఆ త్రిలోకే.
ఎవరు చంపిన్రో, ఎందుకు చంపిన్రో
అంతటికీ జవాబుండే లోకం ఒక్కటన్న ఉన్నదని.
ఇంకో మాట.
నలభై ఒక్క పుస్తకాల్ల నేను ఒక్కసారి వచ్చిన.
"బంట్రోతు పేరు పిలిచాడు."
అంతే.
కిరాయి పుస్తకమని తెలిసీ
ఆ వాక్యం కింద పెన్నుతోని గీత గీసిన.

మొన్నటి వాయిదాకు కత ఒడవాలె.
తీరా చూస్తే ఆఖరు పదహారు పేజీలు లేవు.
ఎవరు చింపుకపోయిన్రో.
జహంగీర్‌ను అడిగితే అర్ధరూపాయి తగ్గించిండు.

"మామే చంపి ఉంటడు," అన్న నేను.
ఈదమ్మ ఆకు నములుకుంట శాన సేపు ఆలోచించింది.
"ఎవరు సంపితేంది?
జడ్జికి బదిలీ అయ్యుంటది.
కొత్తాయన మొదటి సంది చెప్పమన్నడు.
గందుకే రాసినాయనకు యాష్టకొచ్చి
పేజీలు ఆయనే చింపుకున్నడు."

లోపల గంట కొట్టిన్రు.
లేచి నిలబడి పిలిచిన,
జానెడు దూరంల కూసున్న మనిషిని:
కంబాలపల్లి ఈదమ్మా!
కదలలే.
కంబాలపల్లి ఈదమ్మా!
కొంగుతోని మూతి తుడుచుకున్నది.
మూడోసారి పిలిచినంక లేచి,
నన్ను జూసి కన్నుగొట్టి,
తలుపు తోసుకోని లోపలికి నడిచింది.
ఒక్క తల ఇటు తిరగలే.

రెండు నిమిషాల్ల బయటికొచ్చింది.
"ఎన్నడట?"
"ఆగస్టు ఇరవై."
చెప్పులేసుకుంట అన్నది:
"ఇంకోటి తెచ్చిపెట్టు.
ఈసారన్న ఆఖరు పేజీలు సూసుకోని తే."