అంటుకునే పూత

నలభై ఏళ్లు నావల కడుపు కింద వెల్లకిలా పడుకుని
నేను వేసిందంతా అంటనివ్వని పూతే.
మొదట్లో జీడినూనె, తారు.
తర్వాత కాకినాడ కొట్లో డబ్బాల్లో దొరికే ఎర్ర రంగు.
ఏది వేసినా పని ఒకటే:
గౌతమి ఉప్పునీళ్లలో తేలినన్నాళ్లు
గుల్ల పట్టకూడదు, నాచు పట్టకూడదు,
ఏ ప్రాణీ వచ్చి చెక్క మీద కాపురం పెట్టకూడదు.

మొన్న కార్తీకంలో
తాళ్లరేవు గట్టు మీద దన్నుకర్ర జారి
సగం కట్టిన నావ నా మీదికి ఒరిగింది.
తొడ ఎముక, గిన్నెలో బంతి కూర్చునే చోట,
పుటుక్కుమంది.
ఆ చప్పుడు నాకంటే ముందు మా జగ్గారావు విన్నాడు.

నాలోకి పోయేదాన్ని బల్ల మీద పెట్టి చూపించారు
డాక్టరు శశిరేఖ గారు.
ఇనుమా అంటే కాదు, టైటానియం అన్నారు.
చేతిలోకి తీసుకున్నాను. గుప్పెడు రొయ్యలంత బరువు.
కింద సగం నున్నన.
పైన సగం గరుకు, తెలుపు,
సున్నం కొట్టి ఆరిన గోడలా.
పనివాడి వేలు కదా, అక్కడే ఆగింది.

"ఇదేం పూతండీ?"
"ఎముకలో ఉండే సరుకే, పోలయ్య గారూ.
కాల్షియం, భాస్వరం. ఆ పొడిని మండే సెగలోంచి
లోహం మీదికి చిమ్ముతారు.
వెంట్రుక మందం, అంతే.
వట్టి లోహమైతే ఎముక దూరం దూరంగానే ఉండొచ్చు.
ఈ పూత ఉందా, మనవాళ్లే అనుకుని
వచ్చి పట్టుకుంటుంది."

నవ్వొచ్చింది. నవ్వితే తుంటి దాకా పోటు.
"ఆయ్! అంటే నా లోపల గుల్ల పట్టిస్తారన్నమాట."
ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి,
"అంతేనండీ" అన్నారు.

నడుము కింద మొద్దుబారింది గాని చెవులు పనిచేస్తున్నాయి.
ఆకుపచ్చ గుడ్డకి అవతల సుత్తి.
తొలి దెబ్బలు బోలుగా మోగాయి.
బిగిసేకొద్దీ గొంతు మారింది,
చీల చెక్కలో కూర్చుంటున్నప్పటి గొంతు.
ఇక చాలు అనుకున్నాను లోపల్లోపల.
ఆవిడా అక్కడే ఆపారు.

పాదం మీద పూర్తి బరువు వద్దన్నారు ఆరు వారాలు.
పోటు ఎక్కే వేళకి రోజూ మెలకువ వచ్చేది.
చీకట్లో పడుకుని
తొడ లోపలి చీకటి గురించి ఆలోచించేవాణ్ణి.
అక్కడా ఏవో కంటికి ఆననివి ఈదుకొస్తుంటాయా,
గరుకు చోటు వెతుక్కుంటూ,
నేను ఇన్నేళ్లూ తరిమినవాటిలాగే?
కొన్నాళ్లకి ఆ పూత కూడా కరుగుతుందట.
కరిగిన మేర ఎముకే నిండుతుందట.
అరిగిపోవడమే పనిగా పెట్టుకున్న పూత
నేనెప్పుడూ వేయలేదు.

మూడో నెల ఫొటోలో
లోహం నల్లని సందు లేకుండా కూర్చుంది.
"పట్టింది" అన్నారావిడ.
ముత్యాలమ్మ మొక్కు సంగతి ఎత్తింది.
నేను పని సంగతి ఎత్తాను.

నిన్న మళ్లీ గట్టు మీదికి వెళ్లాను, చేతికర్రతో.
మరమ్మతుకి ఎత్తిన నావ ఒకటి.
దాని అడుగంతా గుల్లలే.
స్టూలు వేయించుకుని గీకుడు చిప్ప పట్టాను.
జాలేం లేదు. కూలి కూలే.
ఒకటి మాత్రం ఎంతకీ ఊడలేదు.
ఊడాక చూస్తే
చెక్క మీద తెల్లని వలయం, వేలితో రుద్దినా పోదు.
జగ్గారావు ఎర్ర డబ్బా తెచ్చాడు.
ఉండరా, అన్నాను.
ఊరికే.
కాసేపు.