తూకానికి ముందు

కిట్వేలో, బస్సుల అడ్డా వెనక
పాతసామాన్ల కొట్టు ఆమెది.
కపెంబ్వ తల్లి కాబట్టి అందరికీ బనా కపెంబ్వ.
గుమ్మానికి తాడుతో వేలాడే అయస్కాంతం
ఆమె గుమస్తా.
వచ్చిన ప్రతి ముక్కనీ అది ముద్దాడి చూస్తుంది.
అంటుకుంటే ఇనుము, అటు గుట్టలోకి.
అంటుకోకపోతే
ఆమె కళ్ళజోడు సవరించుకుంటుంది.

నిన్నొకడు మెరిసే గొట్టం తెచ్చి
మేలిరకం రాగి అన్నాడు.
టక్కున కరుచుకుంది అయస్కాంతం.
"పూత బాగుంది నాయనా,
పెళ్ళిపందిట్లో పెట్టుకో."
వాడూ నవ్వాడు, ఏం చేస్తాడు.

ఇవాళ ముసోలే తెచ్చింది అసలుది.
మూరెడు గొట్టం, చిటికెనవేలంత మందం గోడ.
ఎక్కడిదని ఆమె అడగదు, వాడు చెప్పడు.
అయస్కాంతం ఆనిస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.
అప్పుడు చిటెంగె చెంగుముడి విప్పి
మందుబిళ్ళంత ఇంకో అయస్కాంతం తీసి
గొట్టం పైనుంచి వదిలింది.
కింద వాడు దోసిలి పట్టాడు.

రాలేదు.

దోసిట్లోకి చూశాడు, గొట్టంలోకి చూశాడు.
లోపల బిళ్ళ
తేనెలో మునిగే గింజలా దిగుతోంది.
నాలుగు... ఐదు...
పడింది, ఏమీ ఎరగనట్టు.

"దానికీ దీనికీ పొత్తు లేదన్నావుగా?"

"లేదు.
ఊరికే పక్కన కూచుంటే రాగి పట్టించుకోదు.
కదిలావా, దాని ఒంట్లో కరెంటు సుడులు లేస్తాయి.
కిందివి పోవద్దంటాయి,
పైవి వెనక్కి రమ్మంటాయి.
ఎంత తొందరపడితే అంత గట్టిగా.
పూర్తిగా ఆపడం మాత్రం వాటికి చేతకాదు,
నువ్వు ఆగితే అవి చస్తాయి. మళ్ళీ జారుడే."
కూతురి బడిపుస్తకం చెప్పింది కొంత,
మిగతాది ఆమెదే.

ముసోలే మళ్ళీ వదిలాడు. మళ్ళీ.
ఏడోసారి అడిగాడు,
"గనిబావి చుట్టూ రాగే కదా,
మరి బషి కపెంబ్వని ఎందుకు..."
సగంలో నాలిక కరుచుకున్నాడు.

తాడు తెగిన లిఫ్టు. నాలుగు వందల మీటర్లు.
నాలుగు పక్కలా పచ్చటి రాయి,
చూస్తూ ఊరుకున్న రాయి.

"అది ఇంకా రాగి కాదురా" అందామె.
"కొలిమి చూడని రాయికి
తనలోంచి ఎవరు పడుతున్నారో తెలీదు."

గొట్టం తక్కెట్లో పెట్టింది.
మూడు కిలోలు, పైన చిల్లర.
క్వాచా నోట్లు ఒక్కొక్కటే తడిచేసి లెక్కపెట్టింది,
ఎప్పటికన్నా నెమ్మదిగా.
బిళ్ళ వాడి గుప్పిట్లోనే ఉండిపోయింది.
ఆమె అడగలేదు.