నాలుగువేల నూట పదిహేడో గడి

వేళచ్చేరిని ఇరవై మీటర్ల గడులుగా కోశాను.
గడికో నేలమట్టం, ఒక లోతు, రెండు వేగాలు.
బస్టాండూ, బిర్యానీ కొట్టూ, మా అద్దె మేడా
ఆ నాలుగంకెల్లోకే సర్దుకున్నాయి.

సమీకరణం పెద్దదేం కాదు, అరకాగితం మీద పడుతుంది.
చిక్కంతా ఒక్క పదంతోనే:
నీరు తన వేగాన్ని తానే మోసుకుపోతుంది.
మోసేదీ అదే, మోతా అదే.
విడదీద్దామంటే కొస దొరకదు.
అందుకే ఒక ఊహ వెయ్యడం, తప్పెంతో కొలవడం,
ఆ తప్పునే దారడిగి మళ్లీ ఊహించడం.

కాలం కూడా ఒళ్లు దగ్గరపెట్టుకుని నడవాలి,
అల ఒక గడి దాటేలోపే దాని అడుగు పడాలి.
మొన్న తొందరపడి
రెండు సెకన్ల అడుగుని ఎనిమిది చేశాను.
పళ్లికరణై మూలన నీళ్లు తాటిచెట్టెత్తు లేచాయి.
ఆ తర్వాత అంకెలే లేవు,
తెర నిండా "సంఖ్య కాదు, సంఖ్య కాదు".

ఇంకో రాత్రి ఒక గడి సున్నాకి కిందకి పోయింది.
మైనస్ మూడు సెంటీమీటర్ల నీరు!
నా అరకొర తమిళంలో చెబితే
సందు చివరి పొన్నమ్మాళ్ నవ్వింది:
"మే నెలలో నా బిందెలో ఉండేది అదే."

ఆమె ఇల్లే నాలుగువేల నూట పదిహేడు.
ఆ డిసెంబరు రాత్రికి నా లెక్క
అక్కడ తొంభై నాలుగంది.
టేపు పట్టుకెళ్లాను.
రెండుసార్లు సున్నం పడ్డ గోడ, మరక లేదు.
ఆమె గోడకానుకుని నిలబడి
మెడ కింది ఎముక మీద వేలు పెట్టింది.
"ఇందాకా. మనవడు నెత్తి మీద. గ్యాసుబండ తేలుతోంది."
నూట ముప్పై ఒకటి.

నేల గరుకు మార్చాను. వాన పెంచాను.
గడుల్ని పది మీటర్లకి కోస్తే తెల్లారిపోయింది గాని
నీళ్లు నాలుగు వేళ్లు కూడా లేవలేదు.

"చెరువు వైపునించే కదా వచ్చాయి?"
"ఎవరన్నారు? వెనకనించి.
కళ్యాణమండపం గోడ పడిపోలా?
రెండు దాటాక. కుక్క ముందే అరిచింది."

తొమ్మిదంగుళాల ఇటుక గోడ.
పైనుంచి తీసిన ఏ పటంలోనూ లేదు.
నీళ్లని సగం రాత్రి అవతల నిలబెట్టి
ఒక్కసారే వదిలేసింది.

గదికొచ్చి, గడుల అంచుల మీద గోడ కట్టాను,
మీటరున్నర ఎత్తు.
రెండూ పదికి నేనే పడగొట్టాను.
తప్పు వెయ్యో వంతు, పదివేలో వంతు,
అడుగడుక్కీ అణుగుతూ వచ్చింది.
నూట ఇరవై ఆరు.

ఇంకా అయిదు మిగిలాయి.
సరిపెట్టే మీటలు నా దగ్గర చాలా ఉన్నాయి,
ఏదీ ముట్టుకోలేదు.
ఆ రాత్రి ఆమె నేల మీదే నిలబడిందా,
మునివేళ్ల మీదా?
మునివేళ్ల మీదైతే నా తప్పు ఇంకా పెద్దది.
రేపు అడగాలి.