ఒక మేకంత వెడల్పు

నైట్ షిఫ్టు దిగినా
చెవుల్లో కన్వేయరు బెల్టు తిరుగుతూనే ఉంటుంది.
ముక్కు చీదితే ఎరుపు.
చొక్కా జాడించిన బకెట్లో ఎరుపు.
ఎక్కడో బస్తరు కొండని తవ్వి పంపిన ఇనుపరాయి
ఓడెక్కేముందు కాస్త కాస్త నాలోకి దిగిపోతుంది.

ఆదివారం నేను వెతుక్కునే ఎరుపు వేరు.

తెల్లారగట్ల నాలుగున్నరకి కంచరపాలెంలో బయల్దేరితే
తొట్లకొండ దాటేసరికి కుడిచేతివైపు సముద్రం,
ఇంకా దీపం వెలిగించని ఇల్లు.
సైకిలు అల్లిపురంలో కొన్న సెకండ్ హ్యాండుది.
ముందు సస్పెన్షను, మెట్లెక్కే మా మావయ్య మోకాలిలా
కిర్రుమంటుంది.
గ్రీజు పూస్తూ చిన్నంనాయుడు అడిగాడు కూడా:
"రోడ్డు మీద గతుకులు సాలవేటి గురూ,
ఇసకలోకెల్లి మరీ ఎతుక్కుంతన్నావు?"

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగి
టైర్లలో సగం గాలి వదిలేస్తాను.
అది ఉస్సుమంటుంటే
వారమంతా బిగించుకున్నదేదో నాలోనూ వదులవుతుంది.

ఇసుకకి కొన్ని మర్యాదలున్నాయి.
హ్యాండిలు బిగించి పట్టావా, పడేస్తుంది.
వేడి టీ గ్లాసుని పట్టినట్టు వేళ్ళ చివర్లతో పట్టాలి.
బరువు వెనక్కి. చూపు ముందుకి.
గుంటని చూసినవాడు గుంటలోకే పోతాడు.

ఇద్దరు పక్కపక్కన నడవలేని దారి అది.
ఎడమ భుజానికి మొగలి ఆకు రంపం,
కుడి పెడలు కింద వాన తవ్విన లోయ.
లోయ గోడ మీద
కాల్చిన ఇటుక, కిళ్ళీ నమిలిన నోరు,
అడుగున మామిడి టెంక పసుపు.
వాటి వయసెన్ని వేల ఏళ్ళో బోర్డు మీద రాశారు.
బోర్డు మాత్రం రెండేళ్ళకే తుప్పు పట్టింది.

జీడితోట మలుపులో వాలు మొదలవుతుంది.
అక్కడ నాకు ముప్ఫై ఏడేళ్ళు లేవు,
ఎవరికీ బాకీ లేను,
దడదడ దడదడ
పళ్ళు, గొలుసు, జేబులో తాళాలు,
వెనక చక్రం జారి
బ్రేకు నొక్కి
ఎర్రటి తెర ఒకటి లేచి
ఆ తెరలోంచి
మేకలు.

పద్నాలుగో పదిహేనో.
మొగలి పొదలో నేను. నా పైన ఇంకా తిరుగుతున్న చక్రం.
చక్రంలో రెండు పల్లేరుకాయలు,
గాలి పోతున్న సన్నటి ఈల.

"గంటేదీ?"
దేముడమ్మట. నోట్లో అడ్డపొగ.
"మేకకైనా మెడలో గంటుంటాది,
నీ బండికి నేదేటి?"

క్షమించమన్నాను. ఆవిడ అది వినలేదు.
నేను ఈడ్చుకొచ్చిన గీతని కర్రతో చూపించింది,
అరచేతి లోతు, బారెడు పొడవు.
"ఈ దారి మా మేకలేసినాయి. మా యమ్మ మేకలేసినాయి.
మేక గిట్టేసి తీసేత్తాది. నువ్వు గీసుకెల్లావు.
రేపు వానొత్తే ఇందులోకే దిగుతాది.
దిగిన వాన ఊరుకుంతాదేటి బావూ?"
కర్ర లోయవైపు తిరిగింది.

అప్పట్నుంచీ నాకది లోయలా లేదు.
ఎవడో బ్రేకు నొక్కిన చోటులా ఉంది.

పాదంతో గీత పూడ్చాను.
ఆవిడ నవ్విందో, దగ్గిందో.
నేను పంక్చరు వేసుకునేంతసేపూ
ఒక పిల్లమేక పంపు గొట్టం నమిలింది.
తర్వాత సైకిలు భుజాన వేసుకుని
రోడ్డుదాకా మేకల వెనకే నడిచాను.
వాటి వెడల్పే దారి.
భుజమ్మీది హ్యాండిలే ఆకులకి తగులుతూ వచ్చింది.

సోమవారం రాత్రి
బెల్టు మీద కొండ నడుస్తోంది,
ఒకే వరసలో, తల వంచుకుని,
ఇంటికి రాని మందలా.

మంగళవారం అల్లిపురం వెళ్ళాను.
"బెల్లా? ఆ దిబ్బల్లో ఎవుడింతాడు గురూ?"
చిన్నంనాయుడు డబ్బాలో చెయ్యి పెట్టి
ట్రింగుమనే వాటిని ఒక్కొక్కటే మోగించి చూపించాడు.
అవి కాదన్నాను.
పూర్ణామార్కెట్లో కొన్నది జేబులోంచి తీసిచ్చాను.
ఇత్తడిది. తాడుతో సహా.